పిల్లలకోడి దగ్గర సూర్యుడు

తుపాకీ దెబ్బకు చచ్చిన విదేశీ ముఠా కొరియర్ బూటులో ఒక్క కాగితం దొరికింది. దాని మీద ఏడు గుంటలు, పక్కన ఒక వలయం. అంతే.

"మ్యూజియంలో ఆదిమానవుల రాయి ఉందే, దాని మీద చెక్కిన బొమ్మ ఇది," అన్నాడు చీఫ్. "ఏడు గుంటలంటే పిల్లలకోడి. అదే, కృత్తికలు. వలయం సూర్యుడు. సూర్యుడు ఆ చుక్కల్ని చేరిన రోజున మన రాకెట్ సైంటిస్టుని లేపేస్తారు. మే ఇరవై. డీకోడ్ చేసింది నెమలి."

నెమలి డబుల్ ఏజెంట్. పైకి మ్యూజియంలో ఖగోళ నిపుణురాలు, లోపల ఆ విదేశీ ముఠా మనిషి. ఆ ముఠా కబుర్లన్నీ మనకు మోస్తుందని చీఫ్ నమ్మకం. సైంటిస్టుకు పాత రాళ్లంటే పిచ్చి. రోజూ పదింటికల్లా ఆ రాయి ముందు వాలిపోతాడు.

"రాళ్లు తుడిచేవాడి వేషంలో వెళ్లు. మే వచ్చేసరికి ఫుల్ సెక్యూరిటీ పంపిస్తా."

"ఓకే సార్," అన్నాడు ఏజెంటు.

ఆఫీసులో అతన్ని శొంఠికొమ్ము అనేవాళ్లు. నా అన్నవాళ్లు లేని ఒంటికాయ మనిషి. ఇరవై ఏళ్ల సర్వీసులో పదిహేడు మారుపేర్లు మార్చాడు. ఒక్క పేరుతోనైనా ఎవరూ అతన్ని భోజనానికి పిలవలేదు.

మూడు వారాలు మెత్తటి బ్రష్షుతో గుంటల్లో దుమ్ము దులిపాడు. రోజూ తొమ్మిదింటికి నెమలి ఖరీదైన సెంటు వాసనతో వచ్చి కోడ్ అడిగేది.

"రాయి ఆరిందా?"

"ఇంకా తడే."

ఆ తర్వాత ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చుని కాఫీ తాగేవాళ్లు. ఆమెకు ఆకాశం గురించి చెప్పడమంటే ప్రాణం.

"సూర్యుడు ఒక చుక్కని చేరే తేదీ ఎప్పుడూ ఒకటే కాదు, తెలుసా? డెబ్బై రెండేళ్లకో రోజు ఆలస్యమవుతుంది."

సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ పావుగంట కోసమే అతను పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు.

మార్చి ఇరవై ఒకటిన వడ్రంగి వచ్చి రాయి పక్కన కొత్త పలక బిగించి వెళ్లాడు. 'వయసు సుమారు 4,300 సంవత్సరాలు' అని ఉంది. ఊరికే నిలబడలేక శొంఠికొమ్ము దాన్ని డెబ్బై రెండుతో భాగించాడు. అరవై వచ్చింది.

రాయి చెక్కినవాడి కాలంలో సూర్యుడు పిల్లలకోడిని చేరింది మే ఇరవైన కాదు. దానికి అరవై రోజుల ముందు. అంటే ఇవాళే!

పాత రాయిని పట్టుకుని డిపార్ట్‌మెంటంతా ఇప్పటి ఆకాశాన్ని చదివింది. నెమలికి లెక్క రాక కాదు. అబద్ధం చెప్పింది.

గోడ గడియారం పది కొట్టింది. సైంటిస్టు అప్పుడే వచ్చి నోట్‌బుక్ తెరిచాడు. నెమలి నవ్వుతూ అతనికి పెన్ను అందించబోయింది. శొంఠికొమ్ము బకెట్టును తన్నుకుంటూ దూకి పెన్నును పట్టేశాడు. పాళీ ఉండాల్సిన చోటు నుంచి సూది బయటికొచ్చి అరచేతిలో దిగింది. రెండో చేత్తో వాచీ మీట నొక్కి విరుగుడు మందు ఎక్కించుకున్నాడు.

"నాకు లెక్క నేర్పింది నువ్వే," అన్నాడు రొప్పుతూ.

"నా నోరు ఊరుకోదుగా, ఖర్మ," అంది నెమలి.

"మనం తాగిన కాఫీలు కూడా నాటకమేనా?"

గార్డులు అప్పటికే ఆమెను తీసుకుపోతున్నారు.

ఆసుపత్రిలో డాక్టరు చేతికి కట్టు కట్టి ఫారం తీశాడు.

"మీవాళ్లెవరికైనా ఫోన్ చెయ్యమంటారా?"

శొంఠికొమ్ము కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు.

"ఒకావిడ ఉంది, డాక్టర్ గారూ. గంట క్రితమే అరెస్టు చేయించాను."