ఎడమ చేతి కొలత

ఆ రోజు పొద్దున్నే తుపాకుల మేస్త్రి ఒకాయన్ని విసుక్కుని వెనక్కి పంపేశాడు. ఆయన తన రైఫిల్ మీద జింక బొమ్మ చెక్కించుకోవాలని వచ్చాడు. మేస్త్రి గొట్టంలోకి లైటు వేసి చూస్తే లోపల పుట్టగొడుగులు మొలవడం ఒక్కటే తక్కువ. పైన పటారం, లోన లొటారం. తుపాకీ కొనేవాళ్ళందరికీ దాన్ని తుడవాలన్న బుద్ధి కూడా పెట్టెలో పెట్టి అమ్మితే బాగుండునని మేస్త్రి చాలాసార్లు అనుకున్నాడు.

అతని పనిగది ఇంటి కింద నేలమాళిగలో ఉంది. ఉన్న ఒక్క కిటికీ రోడ్డు మట్టానికి ఉంటుంది. అందులోంచి దారిన పోయేవాళ్ళ చెప్పులూ, బూట్లూ తప్ప మొహాలు కనపడవు. గది నిండా అవిసె నూనె వాసన, ఇనప రజను వాసన. కావాలని చేయించుకునే తుపాకీ అంటే నగిషీలు కాదు, కొలతలు అని మేస్త్రి వాదన. చొక్కా బిగుతైతే విప్పేస్తాం. భుజానికి ఆనే చెక్క మడమ కొలత తప్పితే మాత్రం దవడ వాచిపోతుంది, గురి తప్పుతుంది. అందుకే ఎవరు వచ్చినా మోచేతి వంపు నుంచి చూపుడువేలి కణుపు దాకా కొలిచి, పుస్తకంలో రాసుకోనిదే ఉలి పట్టుకోడు.

ఇంత తెలిసినవాడికి సొంత కూతురి తుపాకీయే కొరుకుడు పడలేదు. గాల్లోకి విసిరే మట్టి బిళ్ళల్ని కొట్టే పోటీల్లో ఆ పిల్ల రెండేళ్ళుగా ఎంపిక దాకా వెళ్ళి, అరువు తుపాకీతో ఓడిపోయి వస్తోంది. ఈ ఏడాది దాటితే వయసు పరిమితి అయిపోతుంది. ఎంపిక ఎల్లుండి.

తుపాకీ వదిన ఇచ్చింది. పోయినేడు చనిపోయిన తన అన్న వాడిన తుపాకీ, రెండు గొట్టాలది. అన్న రాసేది, తినేది, సుత్తి పట్టేది అంతా కుడిచేత్తోనే. తుపాకీ ఒక్కటి మాత్రం ఎడమ భుజానికి పెట్టేవాడు. ఆ మడమ ఎడమచేతివాటానికి వంగి ఉండేది. సరిచేసిస్తానని మేస్త్రి ఒకసారి అన్నందుకు అన్న అతనితో మాటలే మానేశాడు. వదిన దాన్ని చేతిలో పెడుతూ, అమ్మెయ్ గానీ అమ్మాయికి మాత్రం ఇవ్వద్దని చెప్పింది. మేస్త్రి సరేనని తల ఊపి, ఇంటికి తెచ్చి కూతురి కొలత తీసుకున్నాడు. అంత మంచి గొట్టాలు అమ్ముకోవడానికి అతనికి మనసొప్పలేదు.

అప్పటికే మూడు రోజులు దానితో పోరాడాడు. మడమకి వేడి నూనె పట్టించి, కుడివైపుకి వంచి, బల్లకున్న మర బిగింపులో పెట్టి పడుకునేవాడు. తెల్లారేసరికి బిగింపు బిగింపులాగే ఉండేది, మడమ మాత్రం ఎడమకి తిరిగిపోయేది. చెక్కకి జ్ఞాపకం ఉంటుందని గిరాకీలకి తనే చెబుతుంటాడు. అయినా ఇంత మొండి చెక్కని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నాలుగో రోజు, అంటే జింక బొమ్మ ఆయన్ని పంపేసిన రోజే, మధ్యాహ్నం బయట వాన మొదలైంది, కరెంటు పోయింది. మేస్త్రి మళ్ళీ బిగించి, ఈసారి ఎదురుగా స్టూలేసుకుని కూర్చున్నాడు.

కిటికీలో బూట్ల రాకపోకలు ఆగిపోయాయి. వాన చప్పుడొక్కటే...

టిక్.

చెక్క కదిలింది. అతని కళ్ళ ముందే... గోరంత... ఎడమకి.

టిక్.

మేస్త్రికి భయం వెయ్యాల్సింది. ఒళ్ళు మండింది. బతికినన్నాళ్ళూ నా పని పని కాదన్నావు, పోయాక కూడా నీ పంతమే నెగ్గాలా అని పైకే అన్నాడు. రంపం తీసి మడమని నిలువునా రెండు ముక్కలు చేసి పొయ్యిలో పడేశాడు. కాలుతున్న చెక్కలోంచి అన్న గడ్డానికి రాసుకునే సబ్బు వాసన వచ్చింది. మేస్త్రి కిటికీ తెరిచి, ఎప్పుడో ముప్పాతిక చెక్కి పెట్టుకున్న కొత్త మడమని తీసుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా కూతురి కొలతకి తిన్నగా అమర్చేశాడు.

తుపాకీ మడిచి, రెండు ఖాళీ గొట్టాల్లోంచి కిటికీ వెలుతురు చూసుకున్నాక కూతురి చేతికిచ్చాడు. కుడి భుజానికి అచ్చు గుద్దినట్టు కుదిరింది. మేస్త్రి ఊపిరి పీల్చుకునే లోపలే ఆ పిల్ల మొహం చిట్లించి, తుపాకీని ఎడమ భుజానికి మార్చింది.

"ఇటే బాగుంది నాన్నా," అంది మెల్లగా. "కాకపోతే పొట్టిగా ఉంది."

మేస్త్రి కోప్పడి టేపు తీశాడు. కుడి చెయ్యి పుస్తకంలో రాసినంతే ఉంది. ఎడమ చెయ్యి రెండు వేళ్ళ వెడల్పు పొడుగెక్కువ వచ్చింది. టేపు సాగిందనుకుని ఇనప స్కేలు పెట్టాడు. రెండు వేళ్ళే. తన కళ్ళని తిట్టుకున్నాడు, పాడు వెలుతురుని తిట్టుకున్నాడు. మర్నాడే ఎంపిక. పోట్లాడే ఓపిక, తిరిగి చెక్కే వ్యవధి రెండూ లేవు. మడమ చివర రెండు తోలు ముక్కలు వేసి తనే పొడుగు చేసిచ్చాడు.

మర్నాడు ఆ పిల్ల ఎడమ భుజం మీదనుంచి యాభైకి నలభైతొమ్మిది బిళ్ళలు కొట్టింది. ఎంపికైంది. అందరూ మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపారు. అతను మాత్రం కూతురి చొక్కా చేతుల వైపే చూస్తున్నాడు. కుడి చెయ్యి మణికట్టు దాకా ఉంది. ఎడమది పైకి లేచిపోయింది. ఇంటికి రాగానే, ఆడుకుంటున్నట్టు నవ్వుతూ కొలిచాడు. మూడు వేళ్ళు.

కిందికి దిగి, తలుపు వేసుకుని వదినకి ఫోన్ చేశాడు. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పాడు.

"వద్దన్నాను కదా మరిదీ," అంది వదిన గుసగుసగా. "మీ అన్నయ్య చొక్కాలన్నీ ఎడమ చెయ్యి పొడుగు పెట్టి కుట్టించుకునేవారు. నీకు తెలియనివ్వలేదు. ఎముకల జబ్బన్నారు డాక్టర్లు."

"ఎంత పొడుగు?"

"పోయేనాటికి నాలుగు వేళ్ళు. అందుకు తొమ్మిదేళ్ళు పట్టింది ఆయనకి."

మేస్త్రి పొయ్యిలో బూడిద కెలికాడు. "పాత చెక్క కాల్చేశాను వదినా," అన్నాడు, అదొక్కటే మిగిలిన ఆశలాగా.

"ఆయనా అలాంటి చెక్కలు మూడు కాల్చేశారు..."

ఇంకేదో చెప్పబోతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తలుపు అవతల కూతురు నిలబడి, మామూలుగానే, రోజూ అడిగినట్టే అడిగింది.

"నాన్నా, ఇంకో తోలు ముక్క వేస్తావా? ఇప్పుడు పెట్టుకుని చూశాను, మళ్ళీ పొట్టిగా ఉంది."

మేస్త్రి ఇనప బీరువా వైపు చూశాడు. రాగానే తుపాకీని తనే అందులో పెట్టాడు. తాళం వేసే ఉంది. తాళంచెవి అతని గుప్పిట్లో చెమటకి తడిసి ఉంది.