తల ఎటు వంచాలి

పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా ముందుగదిలో కుర్చీలు గోడవారకు జరిగిపోయాయి. డ్రిల్ టీచరైన కూతురు తండ్రికి ఎదురుగా నిలబడి, బడిలో మూడో తరగతి పిల్లలకు చెప్పినట్టే చెబుతోంది.

“కుడిచెయ్యి పక్కకి చాపు నాన్నా. అరచెయ్యి పైకి. ఇప్పుడు తల ఇటు వంచు. ఇంకా... ఇంకొంచెం.”

ఆయన తల ఎడమ భుజం మీదికి వంగింది.

“ముప్పై ఏళ్ళు ఊరందరి తలలూ నేను వంచాను. నా తల వంచడానికి నిన్ను కన్నాను,” అన్నాడు పళ్ళ బిగువున.

“జోకులకి నరం లొంగదు. మళ్ళీ చెయ్యి.”

ఆయనకు వీధి మలుపులో రెండు కుర్చీల సెలూన్ ఉంది. ఏళ్ళ తరబడి చేతులెత్తి పనిచేసి చేసి, మెడ నుంచి చేతిలోకి దిగే నరం భుజం దగ్గర ఎముకల సందున నలిగింది. ఉంగరం వేలు, చిటికెన వేలు మొద్దుబారాయి. మొదట దువ్వెన జారింది, తర్వాత కత్తెర. ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పి, నెలలో పట్టు తిరిగి రాకపోతే ఆపరేషనే దారి అన్నారు. చేసినా చెయ్యి పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేమన్నారు. ఆ నెల గడువు ఇవాళ్టితో సరి.

పదకొండోసారికి ఆయన చెయ్యి దించేశాడు.

“ఇంక నావల్ల కాదమ్మా. కరెంటు పట్టుకున్నట్టుంది.”

“రోజూ ఇదే పాట. నొప్పి లేకుండా ఏ రోగమైనా నయమవుతుందా? నీకోసం రోజూ బడికి ఆలస్యంగా వెళ్ళి మాట పడుతున్నాను. నువ్వేమో మొక్కుబడిగా చేస్తున్నావు.”

వంటింట్లోంచి తల్లి వచ్చింది. చేతిలో ఇంకా గరిటె ఉంది.

“ఊరుకోవే. ఆయన చొక్కా గుండీలు వారం నుంచి నేనే పెడుతున్నాను. పోయిన నెల ఆయనే పెట్టుకునేవారు. నువ్వేం చేయిస్తున్నావో ఏమో గానీ...”

“అంటే తప్పు నాదా? అసలు నాన్నకి నయం కావాలనుంటే కదా. ఇంట్లో కూర్చుని తినడం అలవాటైపోయింది.”

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. నోరు జారితే తీసుకోలేం. తల్లి గరిటెతోనే వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం కూతురి ముఖంలోకి ఒక్కసారి చూసి, చెయ్యి చాపి, తల ఎడమవైపుకి వంచాడు. ఇరవై సార్లు చేశాడు. ఒక్క మూలుగు లేదు.

ఆ పొద్దున్నే తండ్రీకూతుళ్ళు ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడ వ్యాయామాలు నేర్పిన అమ్మాయి, పట్టు ఎంతుందో చూసే పరికరాన్ని ఆయన పిడికిట్లో పెట్టింది. ముల్లు కాస్త కదిలి ఆగిపోయింది. ఆమె పాత కాగితం తీసి చూసుకుంది.

“పోయిన నెల కంటే సగానికి పడిపోయింది. రోజూ చేస్తున్నారా?”

“ఒక్కరోజు మానలేదు. నేనే దగ్గరుండి చేయించాను,” అంది డ్రిల్ టీచరు.

“ఏదీ, ఒకసారి చేయించండి.”

కూతురు ఆయనకి ఎదురుగా నిలబడింది. ఆయన చెయ్యి చాపి తల వంచబోయాడు. ఆ అమ్మాయి గబుక్కున వచ్చి ఆయన తల పట్టుకుని ఆపింది.

“అటు కాదండీ. చెయ్యి చాపినవైపే వంచాలి. అటు వంచితే నలిగిన నరాన్ని రెండు కొసలూ పట్టి లాగినట్టే. నేను కుడివైపే కదా వంచి చూపించాను?”

అవును, వంచి చూపించింది. ఆ రోజు ఆయన చెయ్యి పట్టుకుని, తన తల వంచి, “ఇటు” అంది. డ్రిల్ టీచర్లకి ఒక అలవాటుంటుంది. పిల్లలకి ఎదురుగా నిలబడి కుడి అని చెప్పాలంటే తాము ఎడమ ఎత్తుతారు, చూసేవాళ్ళు తికమకపడకుండా. ఎదుటి మనిషీ తనలాగే తిప్పి చూపించిందని ఈమె అనుకుంది. పైగా ఆ అమ్మాయి కాగితం మీద బొమ్మ గీసిస్తానంటే, “అక్కర్లేదండీ, నేను డ్రిల్ టీచర్ని, ఒకసారి చూస్తే చాలు,” అని నవ్వింది.

“నాదీ తప్పే. ఏ వైపో నోటితో చెప్పాల్సింది,” అంది ఆ అమ్మాయి తల దించుకుని.

“మళ్ళీ కత్తి పట్టగలనా?” అని ఆయన అడిగాడు.

“ఆపరేషన్ తప్పదు. ఆ తర్వాత దువ్వెన పట్టచ్చేమో. గడ్డం గీసే కత్తి మాత్రం... ఆశ పెట్టుకోకండి.”

బయట నడవాలో బల్ల మీద కూర్చున్నారు. కూతురు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

“అంత నొప్పి పుడుతుంటే గట్టిగా చెప్పద్దా నాన్నా?”

“చెప్పానుగా తల్లీ. నీకు తెలిసే చేయిస్తున్నావనుకున్నాను.”

“పొద్దున అంత మాట అన్నాను. తిట్టు నన్ను. రెండు దెబ్బలు వెయ్యి.”

“తిడితే చెయ్యొస్తుందా? చిన్నప్పుడు నీ జుట్టు కత్తిరిస్తూ చెవి కోశాను. నువ్వు నన్ను తిట్టావా?”

అంటూనే ఆమె చెంప తుడిచాడు. చిటికెన వేలికి ఆ తడి తెలియలేదు. కాసేపు ఆ వేలి వంక చూసి, ఎడమచేత్తో మళ్ళీ తుడిచాడు.

“లే. ఆపరేషన్ దాకా సరిగ్గా చేద్దాం.”

ఆమె లేచి అలవాటుగా ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“అక్కడ కాదు. నా పక్కకి రా,” అన్నాడు.

వచ్చి ఆయన పక్కనే, ఆయన చూస్తున్న వైపే తిరిగి నిలబడింది. ఇద్దరూ కుడిచేతులు చాపారు. ఆయనే తల కుడివైపుకి వంచి “ఒకటి” అన్నాడు.