తారుమారైన రెండు తీగలు

"మీ కంప్యూటర్‌కి చెవుడా?" అంది సర్వేయరమ్మాయి.

"మీ కాల్‌క్యులేటర్‌కే నోరు పెగలడం లేదు," అన్నాడు రిపేరు షాపు మెకానిక్.

వారం నుంచీ ఇదే వరస. భూములు కొలిచే లెక్కలకి ప్రోగ్రాములన్నీ ఆమె ఆ కాల్‌క్యులేటర్‌లో తనే రాసుకుంది. ఇప్పుడు దాని తెర వెలిసిపోతోంది. అది పూర్తిగా కన్ను మూసేలోగా ప్రోగ్రాములు సీరియల్ కేబుల్ మీదుగా కంప్యూటర్‌లోకి చేరాలి. ఆమె రోజూ ఆఫీసు వదలగానే వస్తుంది. కేబుల్ తగిలిస్తారు. ఒక్క అక్షరం రాదు. కాసేపు కీచులాడుకుని వెళ్ళిపోతుంది.

అసలు సంగతేమిటంటే, మొదటిరోజు ఆమె నవ్విన నవ్వుకి మనవాడి మతి పోయింది. ఫైళ్ళు వచ్చేస్తే ఈ పిల్ల మళ్ళీ ఈ గుమ్మం తొక్కదు. అందుకని కేబుల్ లోపల పంపే తీగనీ అందుకునే తీగనీ తారుమారు చేసి అతికించేశాడు.

ఆ సాయంత్రం ఆమె వానలో తడుస్తూ వచ్చింది.

"ఏడో బటన్ కూడా పోయిందండీ. ఇక నా రెండేళ్ళ కష్టం మట్టిపాలే."

అతని ప్రాణం ఉసూరుమంది. రాకపోతే మానె, ఈ పిల్ల కష్టం మాత్రం పోకూడదు అనుకున్నాడు. కేబుల్ ఊడిందని అబద్ధమాడి, బల్ల చాటున తీగలు సరిచేసి తగిలించాడు.

ఈసారి తెర నిండా పిచ్చి గుర్తులు వచ్చిపడ్డాయి.

రెండు వైపులా వేగం ఒకటి కాకపోతే ఇలాగే వస్తుంది. కాల్‌క్యులేటర్ తీసి సెట్టింగు చూశాడు.

"మొదటిరోజే నేను తొమ్మిదివేల ఆరువందలు పెట్టాను కదా, పన్నెండు వందలెలా అయింది? దానంతటదే మారదే."

ఆమెకి ఉన్నట్టుండి బయట వాన మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టింది.

"నేనే మార్చాను," అంది అటే చూస్తూ. "ఆ మర్నాడే."

"మరి ఏడో బటన్?"

"అది బ్రహ్మాండంగా ఉంది. మీరు కాస్త జాలిపడతారేమోనని." అంటూ ఇటు తిరిగింది. "అయినా ఇన్నాళ్ళూ ఈ పిచ్చి గుర్తులైనా రాలేదేం?"

అతను నసిగాడు, బుర్ర గోక్కున్నాడు, చివరికి తీగల సంగతి కక్కేశాడు. ఆమె పకపకా నవ్వింది.

"దొందూ దొందే," అంది కౌంటర్ వెనకనుంచి అతని అక్క. షాపు ఆవిడదే. లేచి వచ్చి, వేగాలు కలిపి, తనే బటన్ నొక్కింది. ప్రోగ్రాములు వరసగా తెర మీదికి దిగాయి.

"అయిపోయింది. ఇంక మీకు వంకల్లేవు. ఎలా కలుస్తారో కలవండి," అని వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.

అమ్మాయి కాల్‌క్యులేటర్‌ని సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాకా నడిచింది. అతను గబగబా వెనకాలే వచ్చాడు.

"రేపు కూడా వస్తారా?"

"ఏం పనుంది?"

"పనేం లేదు."

"అయితే వస్తాను," అని వానలోకి దిగింది.