తాయారు కుట్టిన తొలి విస్తరి

నోరూరే సంగతులు చెప్పేముందు, పిల్లలూ, నోరు చప్పబడిపోయిన ఒక రాజ్యం గురించి చెప్పాలి. దాని పేరు వెన్నెలదుర్గం. అక్కడ మూడేళ్లు దాటి నాలుగో ఏడు నడుస్తున్నా ఏ వంటకీ రుచి లేదు. ఉప్పు వేసినా అంతే, బెల్లం వేసినా అంతే. మామిడికాయ పచ్చడి నాలుక మీద పెట్టుకుంటే తడిగడ్డి నమిలినట్టుండేది. రాజుగారు ముగ్గురు వంటవాళ్లను మార్చి, తప్పు వాళ్లది కాదని తెలుసుకుని, కిక్కురుమనకుండా తినడం అలవాటు చేసుకున్నాడు.

ఇదంతా ఒక వనభోజనం నాడు మొదలైంది. కార్తీక పున్నమికి రాజుగారితో సహా ఊరివాళ్లంతా పిల్లాపాపలతో ఉసిరివనానికి వెళ్లి, ఆడిపాడి, వండుకుని తిని, పొద్దుగూకేసరికి ఇల్లు చేరేవారు. ఆ వనాన్ని కాచే భూతం ఒకటుంది. అందరికంటే ముందు దానికి విస్తరి వేయాలి. ఆ తొలి విస్తరిని ఆకులు కుట్టే ఇంటి చిన్నబిడ్డ తన చేత్తో కుట్టాలని ఆచారం. ఆ ఏడు ఆ వంతు తాయారుకు వచ్చింది. అప్పుడు దానికి ఏడేళ్లు. దాని తండ్రి గవర్రాజు విస్తళ్లు కుట్టడంలో మొనగాడు.

భూతం వచ్చి కూర్చుంది, గవర్రాజు తెచ్చి వేసిన విస్తరిని తిరగేసి చూసింది, అడవి దద్దరిల్లేలా అరిచింది. "నాకు రావలసిన విస్తరి ఇది కాదు. అది నాకు చేరేదాకా మీ తిండికి రుచి ఉండదు. వీడు నా దగ్గరే ఆకులు కుడుతూ పడి ఉంటాడు. నాలుగో కార్తీక పున్నమి పొద్దుగుంకేలోగా అది రాకపోతే మోదుగచెట్టయి నిలిచిపోతాడు" అంటూ గవర్రాజును చంకన పెట్టుకుని మాయమైంది.

విస్తరి బాగాలేక భూతానికి కోపం వచ్చిందనుకున్నారు అందరూ. వెండి తీగతో కుట్టినవి, నూరాకులవి, అద్దంలా గుండ్రంగా ఉన్నవి పట్టుకెళ్లిన పనివాళ్లంతా ఉసూరుమంటూ తిరిగొచ్చారు. తాయారుకు మాత్రం లోపల ఒకటే బాధ. నా వంకర విస్తరి వల్లే నాన్న పోయాడు అనుకునేది. ఏటా పున్నమికి నెల ముందునుంచీ కుట్టేది. ఒకటి కోలగా వచ్చేది, ఒకటి చిట్లేది, ఇంకోదానికి మధ్యలో కన్నం పడేది. విసిగిపోయి చింపి పారేసేది. గుండ్రంగా వచ్చేదాకా అడవికి వెళ్లనని మొండికేసేది. అలా మూడు పున్నములు దాటిపోయాయి.

ఇక మిగిలింది ఒక్కటే. ఆ ఉదయానికి ఎలాగో ఏడు విస్తళ్లు, చూడగా చూడగా పరవాలేదనిపించేవి, తయారయ్యాయి. రాజుగారు వందమంది భటులను తోడు పంపుతానన్నాడు. తాయారు నాయనమ్మ అచ్చియమ్మ ఒప్పుకోలేదు. "వనభోజనానికి వెళ్తున్నాం మహారాజా, యుద్ధానికి కాదు" అంది. తల్లి రామాయమ్మ రుచి లేకపోయినా పద్ధతి తప్పకూడదని పులిహోర కలిపింది, చారు కాచి ముంతలో పోసింది. నాయనమ్మ ఆవకాయ జాడీని ఒళ్లో బిడ్డలా పట్టుకుంది. సాహసయాత్రకు జాడీ ఎందుకని తాయారు సణిగింది. ఆవకాయ లేకుండా నేను గడప దాటనని ముసలావిడ తెగేసి చెప్పింది.

మొదట వాగు అడ్డొచ్చింది. బండి చక్రమంత తాబేలు ఒడ్డున ఎండకు వీపు పగిలి మూలుగుతోంది. దాటిస్తాను గాని నా వీపు మీద నీడ ఏదైనా వేయమంది. ఉన్నవి విస్తళ్లే. తాయారు మనసు ఒప్పలేదు, కానీ తాబేలు బాధ చూడలేక నాలుగు తీసి పరిచింది. అవతలి ఒడ్డు చేరేసరికి అవి నాని ముద్దయ్యాయి.

తర్వాత ముళ్ల కనుమ. దారి మధ్యలో ఎలుగుబంటి పాదంలో ముల్లు గుచ్చుకుని, వచ్చినవాళ్లందరి మీదా విరుచుకుపడుతోంది. తాయారు భయపడుతూనే ఆకులు కుట్టే ఈనెపుల్లతో ముల్లు పెకలించింది. ఎలుగుబంటి సంతోషం పట్టలేక చతికిలబడింది. చతికిలబడ్డది సరిగ్గా మిగిలిన మూడు విస్తళ్ల కట్ట మీద. అది పాపం తెలిసి చేసింది కాదు. ఎంత బతిమాలుకుందో చెప్పలేను, తనే ముందు నడిచి ముళ్లన్నీ తొక్కి దారి చేసింది.

అలా ఒట్టి చేతులతో ఉసిరివనం చేరారు. అక్కడ ఎండుటాకుల గుట్టల మధ్య గవర్రాజు కూర్చుని కుడుతూనే ఉన్నాడు. గడ్డం పెరిగింది. కాళ్లు మోకాళ్లదాకా బెరడు కట్టాయి. రామాయమ్మ పేరు పెట్టి పిలిచింది. నాయనమ్మ బుగ్గలు నిమిరింది. అతనికి ఎవరూ గుర్తు రాలేదు.

భూతం వచ్చి ఎదురుగా కూర్చుంది. పొద్దు అప్పటికే చెట్ల కొసలకు దిగింది. "నా విస్తరి ఏది, పిల్లా?" అంది.

ఇక్కడే కుడతానంది తాయారు. ఎవరూ చెయ్యి వేయకూడదని భూతం అంది. తాయారు ఆకు తీసి పుల్ల గుచ్చింది, చిట్లింది. ఇంకోటి తీసింది, అదీ చిట్లింది. మూడోది సగం దాకా వచ్చి రెండు ముక్కలైంది. బెరడు నాన్న నడుము దాటింది. అది చూసి చేతిలో ఆకులు విసిరికొట్టి, "నా వల్ల కాదు, నాకెప్పుడూ రాదు" అని భోరుమంది.

కుడుతున్న గవర్రాజు తల ఎత్తలేదు. కానీ ఇంట్లో రోజూ అనే మాట నోటి చివరనుంచి వచ్చేసింది.

"నీళ్లు చల్లమ్మా. ఆకు మెత్తబడనీ."

ఒకప్పుడు ఆ మాట వింటేనే తాయారుకు ఒళ్లు మండేది. నీళ్లు చల్లి ఆగాలంటే దానికి ప్రాణం మీదికొచ్చేది, అందుకే ఎప్పుడూ ఎండుటాకే కుట్టేది. ఇప్పుడు కళ్లు తుడుచుకుంది. నాన్న పక్కనున్న చెంబులో నీళ్లు చల్లింది. పొద్దు వాలిపోతున్నా, బెరడు నాన్న గుండెల దగ్గరికి వస్తున్నా, పెదవి కొరుక్కుంటూ ఆకు మెత్తబడేదాకా ఆగింది. తర్వాత కుట్టింది. ఆకులు చిట్లలేదు. విస్తరి మాత్రం మళ్లీ వంకరే, ఒక అంచు పైకి లేచింది, ఒక మూల సందు.

అదే తెచ్చి భూతం ముందు వేసింది. రామాయమ్మ అన్నం పెట్టి చారు పోసింది. చారు సందులోంచి కారిపోసాగింది. అచ్చియమ్మ భూతాన్ని కసురుకుంది.

"చూస్తూ కూర్చుంటావేం నాయనా? అన్నంతో గట్టు కట్టు."

భూతం బిత్తరపోయి, పెద్ద పెద్ద వేళ్లతో అన్నాన్ని గట్టులా జరిపింది. చారు ఆగింది. ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "ఇదీ నా విస్తరి" అంది. "ఆ రోజు కూడా ఇలాంటిదే రావాలి. మీ నాన్న దాన్ని తువ్వాల్లో దాచేసి, తను కుట్టింది వేశాడు. పసిచేతి విస్తరికి ఇంత గుండ్రం ఎక్కడినుంచి వస్తుంది?"

బెరడు పొడిపొడిగా రాలిపోయింది. గవర్రాజు కళ్లలో వెలుగు వచ్చింది. తాయారు వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నాది ఎందుకు దాచావు నాన్నా?"

"రాజుగారి ముందు నిన్నెవరైనా నవ్వుతారేమోనని, తల్లీ. తప్పు చేశాను."

తాయారు అతని మెడ పట్టుకుని ఏడ్చింది. ఇన్నేళ్లూ మోసిన బరువంతా ఆ ఏడుపులో దిగిపోయింది. ఈలోగా అచ్చియమ్మ జాడీలోంచి వేలితో ఆవకాయ నాకి, కారం నషాళానికంటి దగ్గుతూ నవ్వుతోంది. రుచి వచ్చేసింది. ఊళ్లో రాజుగారైతే ఉప్పు చాలలేదని వంటవాణ్ణి మొదటిసారి ఆనందంగా తిట్టాడట.

అర్ధరాజ్యం ఇస్తానంటే తాయారు వద్దంది. ఏటా వనభోజనానికి రాజుగారు కూడా అందరితో బంతిలో కింద కూర్చోవాలని, పిల్లలు కుట్టిన విస్తళ్లలోనే తినాలని అడిగింది. ఆయన సరేనన్నాడు. నాటినుంచి చారు కారి ఆయన పట్టుపంచె పాడవని ఏడు లేదు.

ఇక ఆ సాయంత్రం సంగతి. భూతం తృప్తిగా లేచి వెళ్లాక వీళ్లు నలుగురూ తినడానికి కూర్చున్నారు. నాన్న కుట్టిన చక్కని విస్తళ్లు గుట్టలుగా ఉన్నాయి. గవర్రాజు వాటి వంక చూడలేదు.

"నాకు నువ్వు కుట్టి పెట్టమ్మా" అన్నాడు.

తాయారు నీళ్లు చల్లి, ఆగి, కుట్టింది. అదీ వంకరే వచ్చింది. నాన్న దాన్ని ముందు పెట్టుకుని, అన్నంతో గట్టు కట్టుకుని, చారు పోయమన్నాడు.