తలుపు పక్క ఖాళీ

రండి నాయనా, రండి. గొడుగులు ఆ మూలన పెట్టేయండి. గ్రంథాలయం వాళ్ళు పొద్దుట్నుంచీ నేల తుడవలేక చస్తున్నారు, వాళ్ళ మీద కాస్త దయ చూపండి. ఆ తలుపు దగ్గర నిలబడిపోయిందెవరు? వెలుతురు అక్కడిదాకా రావట్లేదు, మొహం తెలియట్లేదు. తడుస్తూ ఎందుకు నాయనా, లోపలికి రా. వెనక వరసలో కుర్చీ ఉంది, కూర్చో.

నాకిదో అలవాటు. చిన్నా పెద్దా లేదు, అందరినీ నాయనా అనే పిలుస్తాను. గుమ్మంలో నిలబడ్డ మనిషిలో దేవుడుంటాడని మా అమ్మ నేర్పింది. ఎవరిని కసిరితే ఎవరిని కసిరినట్టో మనకేం తెలుసు? పిలిస్తే పోయేదేముంది అనుకునేదాన్ని. మొన్నటి వానాకాలం దాకా.

ఆ వానాకాలం సంగతే చెప్పబోతున్నాను. ఇదిగో, నా పక్కన కుర్చీలో ఉన్నాడే, మా తమ్ముడు, వీడికి జరిగింది. ‘నిన్నటి తెరువరి’ బొమ్మల కథకి చివరిదాకా బొమ్మలు వేసింది వీడే. ఇంట్లో వీణ్ణి బొంగరం అంటాం, చిన్నప్పుడు ఒక్కచోట నిలబడేవాడు కాదు. ఇప్పుడు చూడండి, ఎలా కూర్చున్నాడో. కదిలితే ఒట్టు.

మీలో చాలామందికి తెరువరి కథ కంఠతా వచ్చు. పిల్లల్ని తీసుకొచ్చిన బామ్మల కోసం రెండు ముక్కలు చెబుతాను. తెరువరి అంటే బాటసారి. మా కథలో తెరువరి కాలంలో వెనక్కి నడిచిపోతుంటాడు. వెళ్ళడం తేలిక, తిరిగి రావడమే కష్టం. తన కాలంలో ఉన్నవాళ్ళెవరో ఒకరు తనని ముద్దుపేరు పెట్టి పిలవాలి, అప్పుడే వస్తాడు. ఒక సంచికలో వాళ్ళమ్మ కంగారులో పేరు మర్చిపోయి “బాబూ, వచ్చెయ్” అని కేకేస్తుంది. తెరువరి వచ్చాడు. వాడి వెనకే, ఇంకెవరినో సగం గీసిన గడ్డంతో వదిలేసి, చేతిలో కత్తితో ఆ కాలపు మంగలి కూడా వచ్చేశాడు. అతన్నీ ఎవరో బాబూ అనే పిలుస్తారట పాపం!

నవ్వండి, నవ్వండి. నేనూ అప్పట్లో చాలా నవ్వాను. ఆ సంచికలో మాటలు రాసింది నేనే. నా పని అదే. బొమ్మ గీయడం వాళ్ళ వంతు, మాటల బుడగ గీసి అందులో అక్షరాలు పేర్చడం నా వంతు.

ఇంకో సంగతి. ఈ కథ మొదలుపెట్టిన పెద్దాయన, ఇప్పుడు లేరు, గొప్ప మాయగాడు. ప్రతి సంచికలో ఎక్కడో ఒక బొమ్మలో మనిషి పట్టేంత ఖాళీ వదిలేవాడు. సంతలో జనం కిక్కిరిసి ఉంటారు, మధ్యలో ఒక్కచోట ఎవరూ ఉండరు. పక్కవాళ్ళు ఆ ఖాళీ వైపు తిరిగి ఏదో వింటున్నట్టు ఉంటారు. ఏళ్ళ తర్వాత ఏదో సంచికలో తెరువరి వెనక్కి నడిచి సరిగ్గా ఆ సంతకే వచ్చి, ఆ ఖాళీలో నిలబడి మాట్లాడతాడు. పాత సంచిక దాచుకున్నవాళ్ళు దాన్ని తీసి చూసుకుని ఎగిరి గంతేసేవాళ్ళు. ఎవరైనా “ఈ ఖాళీ ఏమిటండీ?” అని ముందే అడిగితే పెద్దాయన ఒకటే మాట అనేవాడు.

“అక్కడికి రావాల్సినవాడు ఇంకా బయల్దేరలేదు.”

ఆయన తర్వాత ఆ ఖాళీలన్నీ మా తమ్ముడే నింపుకుంటూ వచ్చాడు. ఎక్కడ తేడా వచ్చినా ముందు వరసలో కూర్చున్న ఈయన ఊరుకోడు. మేం ఈయనకి భూతద్దం అని పేరు పెట్టుకున్నాం. ఏమనుకోకండి భూతద్దంగారూ. చొక్కా గుండీ ఒకటి తగ్గినా మర్నాటికి ఉత్తరం వచ్చేసేది.

చివరికి ఒక్క ఖాళీ మిగిలింది. మొట్టమొదటి సంచికలోది.

ఆ బొమ్మ చెబుతాను. భోజనాల గది. బల్ల చుట్టూ ఐదుగురు. తండ్రి, తల్లి, ముసలావిడ, చెంచా పట్టుకున్న చిన్నపిల్ల, ఈ నలుగురూ మనకి కనబడేలా ఉంటారు. ఐదో మనిషి మనకి వీపు పెట్టి, నల్లటి శాలువా కప్పుకుని, తల వంచుకుని ఉంటుంది. ఆడో మగో తెలియదు. తలుపు పక్కన మనిషి పట్టేంత ఖాళీ. ఆ నలుగురూ కళ్ళు విప్పార్చి ఆ ఖాళీ వైపే చూస్తుంటారు. చిన్నపిల్ల చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయి ఉంటుంది. తలుపు దగ్గర నిలబడ్డవాణ్ణి చూసి హడలిపోతున్నారని మేమంతా అనుకునేవాళ్ళం.

“అది మా ఇంటి గదేనమ్మా,” అన్నాడొకసారి పెద్దాయన.

“అయితే వీళ్ళంతా మీవాళ్ళేనా?” అన్నాను.

“నలుగురు మావాళ్ళు,” అన్నాడు. అని, వెంటనే వేరే మాటలోకి వెళ్ళిపోయాడు.

ఆ ఖాళీలో తెరువరిని నిలబెట్టాలని ఆయన ఎన్నోసార్లు చూశాడు. కుదరలేదు. పొడుగెక్కువయ్యేవాడు, భుజాలు పట్టేవి కావు. నలుగురి చూపూ వాడి కళ్ళకి కాకుండా గడ్డానికి తగిలేది. చించేసి మళ్ళీ గీసేవాడు.

మా తమ్ముణ్ణి ఉద్యోగానికి తీసుకెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. వీడు బొమ్మల కట్ట విప్పబోతే “తర్వాత చూద్దాంలే” అని తలుపు పక్కన నిలబడమన్నాడు. ఒక కన్ను మూసి, పెన్సిల్ నిలువుగా పట్టుకుని, తల నుంచి కాళ్ళదాకా కొలిచాడు.

“ఆ ఎడమ భుజం అలా వాలిందేం?”

“చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాడండీ,” అన్నాను, ఉద్యోగం ఎక్కడ పోతుందోనని.

పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “రేపట్నుంచి వచ్చెయ్ నాయనా,” అన్నాడు. బయటికొచ్చాక అక్కాతమ్ముళ్ళం పడీ పడీ నవ్వుకున్నాం. “బొమ్మలేసేవాడు కావాలన్నాడా, బీరువా కావాలన్నాడా?” అన్నాడు వీడు. ఆ బొమ్మల కట్ట పెద్దాయన ఎప్పటికీ విప్పి చూడలేదు.

ఇక ఆ రోజు. చివరి సంచిక తయారవుతోంది, ఆ ఖాళీ నింపాలి. అసలు బొమ్మ, అంటే పెద్దాయన చేత్తో సిరా పెట్టిన కాగితం, ప్రెస్సు కింద నేలమాళిగలో ఉంది. పట్టుకుంటే పెళుసుగా విరిగిపోతోంది, పైకి తేవడానికి లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం కిందికి దిగాం. పట్టపగలే అయినా అక్కడ కిటికీ లేదు. ఒకటే బల్బు. పాత కాగితం వాసన, చెమ్మ వాసన, పైన ఎక్కడో వాన గొట్టంలోంచి పడుతున్న చప్పుడు.

బొమ్మని బల్ల మీద పరిచి, పైన ట్రేసింగ్ కాగితం వేశాడు తమ్ముడు. “తెరువరి పట్టట్లేదక్కా, ఆయన చెప్పినట్టే,” అన్నాడు. కాసేపు చూశాడు. నవ్వాడు. “ఏయ్, ఇక్కడ నేనైతే సరిపోతానే! నా ఫొటో తియ్యి.”

తలుపు పక్కన నిలబడ్డాడు. ఫోనుతో ఫొటో తీశాను. దాన్ని చూసుకుంటూ పెన్సిల్‌తో గీతలు వేశాడు. ఎత్తు సరిపోయింది. పాదాలు సరిపోయాయి. వాలిన ఎడమ భుజం, తలుపు అంచుకీ గోడకీ మధ్య, ఒరలో కత్తిలా సరిపోయింది. నలుగురి చూపులూ వీడి కళ్ళలోకి వచ్చి ఆగాయి.

వాడి నవ్వు మెల్లగా పోయింది.

“అక్కా... ఇది నేను పుట్టకముందు గీసిన బొమ్మ కదా?”

నేను జవాబు చెప్పేలోపు కరెంటు పోయింది.

చీకటంటే అలాంటిలాంటిది కాదు. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ఫోను బల్ల మీద ఎక్కడో ఉంది, తడుముతున్నాను. పైన వాన చప్పుడు ఆగిపోయింది. ఆగిపోయిందా, నాకు వినబడటం మానేసిందా, తెలియదు. ఆ నిశ్శబ్దంలో... పాళీ కాగితం మీద గీస్తున్న చప్పుడు.

కర్... కర్... కర్...

“చీకట్లో ఏం గీస్తావురా, ఆగు,” అన్నాను.

“నేను గీయట్లేదక్కా,” గుసగుసగా అన్నాడు. “సిరా పెన్ను నీ దగ్గరే ఉంది కదా.”

ఉంది. నా గుప్పిట్లోనే ఉంది.

కర్... కర్...

పచ్చి సిరా వాసన గుప్పుమంది. దాని వెనకే వేడివేడి అన్నం వాసన. ఎవరో గిన్నె జరిపారు.

“అక్కా...” వాడి గొంతు. పక్కనుంచి కాదు. పక్కింట్లోంచి పిలిచినట్టుంది. “ఇక్కడెవరో భోంచేస్తున్నారు...”

“ఎక్కడరా?”

“అందరూ నన్నే చూస్తున్నారు... ఒక్కరు తప్ప.”

పాళీ ఆగింది.

ఫోను చేతికి తగిలింది. లైటు వేశాను. స్టూలు ఖాళీ. ట్రేసింగ్ కాగితం తెల్లగా ఉంది, ఒక్క గీత లేదు. దాన్ని తీసి చూశాను...

తలుపు పక్క ఖాళీ లేదు. అక్కడ మా తమ్ముడున్నాడు. సిరాతో. తడిగా. నోరు తెరిచి, ఎడమ భుజం వాల్చి. వాడి చొక్కా మీద ఆ పూట ఒలికిన టీ మరకతో సహా. ఇక ఆ నల్ల శాలువా మనిషి... ఎప్పుడూ వంచుకునే ఉండే తల... కొంచెం లేచింది. కొంచెమే.

అమ్మ పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచింది నేను. నాకు పిల్లల్లేరు. వాడు లేకపోతే నాకింకేం లేదు. దేవుణ్ణి తలుచుకున్నాను. స్వామీ, వాణ్ణి తీసుకుని నన్నేం చేసుకోమంటావు అని ఏడ్చాను. అప్పుడు చేతిలో పెన్ను గుర్తొచ్చింది. తెరువరి ఎలా తిరిగొస్తాడో రాసిందాన్ని నేనే కదా! పిలవాలి. బొమ్మలో పిలవాలి. ఆ కాగితం మీదే, బొమ్మ అంచున బుడగ గీశాను. దాని తోక బొమ్మ బయటికి, నా వైపుకి లాగాను, పిలిచేది నేనని తెలియడానికి. పెదాల మీద దేవుడి పేరు, కళ్ళ నిండా నీళ్ళు. నోటికి ఎప్పుడూ వచ్చే మాటే చేతికీ వచ్చింది.

‘రా నాయనా. ఇంటికి రా.’

“అక్కా.”

వెనక్కి తిరిగాను. మెట్ల దగ్గర తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. పరిగెత్తి పట్టుకున్నాను. ఒళ్ళు మంచులా ఉంది, చొక్కా ఎవరి ఇంటి వంటో వాసన వేస్తోంది. దణ్ణాలు పెట్టుకుంటూ వాణ్ణి మెట్లెక్కించాను. పైన గుమ్మం దాటాక వాడు తలుపు వదల్లేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు, వెనక వచ్చేవాళ్ళ కోసం ఆగినట్టు.

“ఎవరికోసంరా, వేసెయ్!”

“అదేమిటక్కా,” అన్నాడు మెల్లగా. “నీ వెనకే వస్తున్నారు కదా.”

తిరిగి చూడలేదు నాయనా. తలుపు లాగి గడియ పెట్టాను. లోపలివాళ్ళని లోపలే ఉంచానో, నాతో పాటు దాటనిచ్చానో, ఆ దేవుడికే తెలియాలి.

మర్నాడు ధైర్యం చేసి, నలుగుర్ని వెంటబెట్టుకుని దిగి ఆ బొమ్మ చూశాను. తమ్ముడు అందులో లేడు. తలుపు పక్క మళ్ళీ ఖాళీ. కానీ అటు ఎవరూ చూడట్లేదు. తండ్రి నీళ్ళు తాగుతున్నాడు. ముసలావిడ నవ్వుతోంది. చిన్నపిల్ల చెంచా నోట్లో ఉంది. ఇక ఐదో కుర్చీ... వెనక్కి జరిపి ఉంది. ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.

అప్పుడు గానీ నా బుర్రకి ఎక్కలేదు. ఇన్నేళ్ళూ ఆ నలుగురి కళ్ళలో ఉన్నది తలుపు దగ్గరివాడంటే భయం కాదు. ఎప్పుడొస్తాడా అని ఎదురుచూపు. తమ పక్కన కూర్చున్నదాన్ని ఎవరైనా వచ్చి వెంటబెట్టుకు పోతారేమోనని. నలుగురు మావాళ్ళు అన్నాడు పెద్దాయన. నాయనా అంటే ఎవరైనా పలకొచ్చు. మంగలి వచ్చినప్పుడు నవ్విన నాకు, ఆ వేళ బొంగరం అన్న పేరే గుర్తు రాలేదు.

అందుకే చివరి సంచికలో ఆ ఖాళీ నింపకుండా వదిలేశాం. మీరంతా తిట్టుకున్నారు, తెలుసు. అదిగో, భూతద్దంగారు చెయ్యెత్తారు. అడగండి.

“అక్కయ్యగారూ, కథ బావుంది గానీ తప్పు చెప్పారు. మొదటి సంచికలో ఐదుగురు ఎప్పుడూ లేరు. నలుగురూ, ఒక ఖాళీ కుర్చీ. ఇదిగో, నా చిన్నప్పటి కాపీ. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను.”

ఏదీ, ఇలా ఇవ్వండి... అవును. కాగితం పచ్చబడిపోయింది. నలుగురే. చెంచా నోట్లోనే ఉంది. మరి ఆ ఐదో మనిషి, నాకూ మా తమ్ముడికీ తప్ప ఇంకెవరికీ గుర్తు లేదా...

సరేలెండి. ఎవరైనా కాస్త ఆ వెనక లైటు కూడా వేయండి. మనం... ఒక్క నిమిషం. పొద్దున్నే వచ్చి కుర్చీలు దగ్గరుండి వేయించాను. అన్నీ నా వైపుకే వేయించాను.

వెనక వరసలో ఆ ఒక్క కుర్చీ అటు తిరిగి ఉందేం? ఆ శాలువా... అక్కడ కూర్చోమని ఎవరు చెప్పారు?

ఇందాక తలుపు దగ్గర... లోపలికి రమ్మంది నేనే...

బొంగరం. ఒరేయ్ బొంగరం, నా వైపు చూడరా. కళ్ళు అంతంత చేసుకుని ఆ తలుపు వంకే ఎందుకు చూస్తున్నావురా?