బాగానే వినిపిస్తోంది సార్!

పెళ్లయి నెల తిరగని కోడలికి ఆ ఇంట్లో అన్నీ ముచ్చటే. కిటికీకి తను కట్టిన నిమ్మపండు రంగు పరదా ఊగితే చాలు, మురిసిపోతుంది. ఆ ఉదయం మాత్రం పరదా కదల్లేదు. ఆకాశం మసిగుడ్డలా వేలాడుతోంది. మామగారి పెన్షన్ అప్పీలు విచారణ ఆ రోజే.

సైన్యంలో ఫిరంగుల పక్కన ఏళ్ల తరబడి నిలబడి ఆయన చెవులు పోగొట్టుకున్నాడు. పెదాలు చూసి మాట పట్టేస్తాడు. మొదటిసారి మెడికల్ బోర్డులో అడిగిన ప్రతిదానికీ నిటారుగా నిలబడి, "బాగానే వినిపిస్తోంది సార్!" అన్నాడు. చెవి పరీక్షలోనూ శబ్దం మీట మీద డాక్టరు వేలు కదిలినప్పుడల్లా, విన్నట్టే చెయ్యెత్తాడు. వైకల్య పెన్షన్ కొట్టేశారు.

"ఈసారైనా నిజం చెప్పండి మహానుభావా," అంది అత్తగారు.

"ఆఫీసరు ముందు నేను పనికిరానని చెప్పుకోనా? చస్తే చెప్పను."

"చెప్పకండి. వినికిడి మిషను మీ పౌరుషమే కొనిపెడుతుంది!" ఆమె విసురుగా స్నానానికి వెళ్లింది.

కోడలు నవ్వాపుకుని మేడ మీదికెళ్లి బట్టలు ఆరేస్తోంది. కింద నుంచి ఏదో మూలుగు. పిల్లి కాబోలు అనుకుంది. మళ్లీ వినిపించింది. ఈసారి అందులో "ఏమండీ..." అన్న పిలుపుంది.

మెట్లు దూకుతూ దిగింది.

స్నానాలగది గడప మీద అత్తగారు బోర్లా పడి ఉంది. నుదుటి నుంచి నెత్తురు. నాలుగడుగుల అవతల, ఆమెకు వీపు పెట్టి, మామగారు ఈల వేసుకుంటూ బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు.

"మామయ్యగారూ!"

ఉలకలేదు, పలకలేదు. భుజం పట్టి కుదిపితే తిరిగి చూశాడు. బ్రష్ చేతిలోంచి జారిపోయింది.

కట్టు కడుతూ కోడలు మొదటిసారి ఎదురు మాట్లాడింది. "గొంతు పోయేలా పిలిచారట అత్తయ్య. బాగానే వినిపించిందా మీకు?"

"ఊరుకోవే," అంది అత్తగారు నీరసంగా. "ఆయన మాత్రం ఏం చేస్తాడు?"

ఆయన ఇద్దరి పెదాలూ చూశాడు.

కబురందుకుని వచ్చిన కొడుకు తల్లి దగ్గర ఉండిపోవడంతో విచారణకు కోడలే తోడు వెళ్లింది.

"ఎలా ఉంది? వినిపిస్తోందా?" అన్నాడు పెద్ద డాక్టరు.

మామగారు సెల్యూట్ చేశాడు. పెదాలు కదిలి ఆగిపోయాయి. పై అధికారికి జన్మలో వీపు చూపించని ఆ మనిషి, మడమలు కలిపి గిర్రున గోడవైపు తిరిగాడు.

"ఇప్పుడడగండి సార్."

డాక్టరు అడిగాడు. మళ్లీ గట్టిగా అడిగాడు. మామగారు అలాగే నిలబడ్డాడు. గోడ పక్కనున్న కోడలికి ఆయన ముఖం కనిపిస్తోంది. చెంపలు తడిసిపోయాయి.

"అడిగారామ్మా?" అన్నాడు మెల్లగా.

ఏడుపుతో ఆమెకు గొంతు పెగల్లేదు. పెదాలు మాత్రమే కదిపింది.

"అడిగారు మామయ్యగారూ."