తాతయ్య దాహం

మా స్పీచ్ థెరపీ కాలేజీలో పిల్లలు ముందు బొమ్మ మీదే నేర్చుకుంటారు. పక్షవాతం వచ్చిన ముసలాయన బొమ్మ. అందరూ తాతయ్య అంటారు. నేను అద్దం వెనక గదిలో కూర్చుని, మైకు వేసి, ఆయన బదులు "నీళ్ళు..." అని బతిమాలుతుంటాను. మింగుడు పడుతుందో లేదో చూడకుండా పోస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పోసినవాళ్ళు ఫెయిల్.

ఆ మధ్యాహ్నం వచ్చిన అమ్మాయికి అదే ఆఖరి అవకాశం. తప్పితే చదువు ఆగిపోతుంది. మూడు వారాలు ఆసుపత్రి వార్డులో పనిచేసి వచ్చింది. మనిషి సగమైంది.

"మేడమ్, ఈసారైనా తాతయ్యకి నా మీద దయ కలిగేలా చూడండి," అంది, నవ్వబోయి.

"ఆయన్నే అడుగు. నాది గొంతు అరువివ్వడం వరకే."

లోపలికెళ్ళి తలుపు మూసుకుంది. రబ్బరు వాసన. ఏసీ హోరు. నేనింకా కాగితం మీద తేదీ వేస్తున్నాను.

"నీళ్ళు..."

స్పీకర్లోంచి. తడిగా, గురగురమంటూ.

అమ్మాయి తడబడలేదు. "ఇప్పుడొద్దు తాతయ్యా. ముందు గొంతు చూడాలి."

"మొన్న పోశావుగా... తల్లీ."

అమ్మాయి చేతిలో చెంచా జారిపోయింది. అద్దంలోంచి నేను కనపడను. అయినా నాకేసే చూసింది.

"మీకెవరు చెప్పారు మేడమ్?" అంది. "ఏడో నంబరు బెడ్ ఆయన... పొద్దుట్నుంచీ అడుగుతుంటే చూడలేకపోయాను. ఒక్క చెంచా. రెండ్రోజుల్లో... పోయారు. ఎవరికీ చెప్పలేదు."

మైకు మీట నొక్కబోయిన నా వేలు గాల్లోనే ఉంది. మైకు దీపం వెలగలేదు. నేను వేయనేలేదు.

"ఇంకొక్క చెంచా..."

తను రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"పొయ్యను."

పది నిమిషాలు అడిగాడు. పది నిమిషాలూ ఏడుస్తూ నిలబడింది. పొయ్యలేదు.

నేను మైకు ముట్టుకోలేదు. వేస్తే, ఆ గొంతు నాది కాదని తనకి చెప్పాలి.

బయటికొచ్చి, "పాసా మేడమ్?" అంది.

"పాసే. రేపు పొద్దున ఇద్దరం వార్డుకెళ్దాం. ఉన్నదున్నట్టు చెప్పు."

తలూపింది.

పరీక్షయ్యాక బొమ్మ ఛాతీ తెరిచి, ఊపిరితిత్తుల సంచి వంపేయడం నా పని. ఆ రోజు ఎవరూ చుక్క పోయలేదు. అలవాటుకొద్దీ తెరిచాను.

సంచి బరువుగా ఉంది...

వంపాను. నీళ్ళు. చేతి మీద పడ్డాయి.

గోరువెచ్చగా ఉన్నాయి.